సన్న బిట్ విరిగేది చెక్కలో కాదు, చక్‌లో

చిన్న పెట్టె మూతకు ఇత్తడి మడత బందు బిగించాలనుకుందాం. దాంతో వచ్చే స్క్రూలు 2 మిల్లీమీటర్ల లావుంటాయి. ముందుగా బెజ్జం పెట్టకుండా తిప్పితే, గట్టి చెక్కలో స్క్రూ తల ఊడి చేతికొస్తుంది. అంచుకు దగ్గరైతే చెక్కే నిలువునా చీలుతుంది. కాబట్టి ఒకటిన్నర మి.మీ. లోపు బెజ్జం ఒకటి పెట్టాలి. రోజూ వాడే పెద్ద డ్రిల్లుకు సన్న బిట్ తగిలించి, గీసుకున్న గుర్తు మీద ఆనించి, స్విచ్ నొక్కగానే టిక్ మని చిన్న శబ్దం. సగం బిట్ చెక్కలో, సగం చక్‌లో, అంటే బిట్‌ను మూడు దవడలతో పట్టుకునే డ్రిల్లు మూతిలో. రెండోదీ అంతే. మూడోది విరిగేసరికి ‘ఈ బిట్లు నాసిరకం’ అని తేల్చేస్తారు.

నాసిరకం బిట్లు లేకపోలేదు. కానీ వాటి స్థానంలో ఖరీదైనవి పెట్టినా ఎక్కువసార్లు జరిగేది ఇదే. తప్పు బిట్‌లో కన్నా దాన్ని పట్టుకున్న తీరులో, పట్టుకున్న యంత్రంలో ఉంటుంది. వడ్రంగం డ్రిల్లులో చక్, బరువు, స్విచ్, తిప్పే బలం అన్నీ 3 నుంచి 10 మి.మీ. బిట్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. 1 మి.మీ. బిట్‌ను అందులో పెట్టడమంటే రోకలి కొసకు సూది కట్టి బట్ట కుట్టబోవడమే.

కొలతలు చూస్తే ఈ పోలిక అతిశయోక్తి కాదని తెలుస్తుంది. 1 మి.మీ. లావు, 34 మి.మీ. పొడవు ఉన్న ఉక్కు బిట్ బరువు గ్రాములో ఐదో వంతు. దాన్ని మోస్తున్న బ్యాటరీ డ్రిల్లు కిలోన్నర. ఇక బలం సంగతి. గుండ్రటి కడ్డీ మెలిపెట్టినప్పుడు తట్టుకునే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. వంగకుండా నిలబడే బిగువు వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. లావు సగానికి తగ్గితే మెలిక బలం ఎనిమిదో వంతుకు, బిగువు పదహారో వంతుకు పడిపోతాయి. 10 మి.మీ. బిట్‌తో పోలిస్తే 1 మి.మీ. బిట్ మెలిక బలం వెయ్యో వంతు, బిగువు పదివేలో వంతు. ఇక్కడ ‘సన్నది కాబట్టి కాస్త నెమ్మదిగా’ అంటే సరిపోదు. లెక్కే వేరు.

మొదట చక్. చాలా 13 మి.మీ. చక్‌ల ఒంటి మీద ‘1.5–13’ అనో ‘2–13’ అనో చెక్కి ఉంటుంది. ఆ మొదటి అంకెను ఎవరూ చదవరు. దవడలు మూడూ పూర్తిగా మూసుకున్నా మధ్యలో ఆ మేర సందు మిగులుతుందని దాని అర్థం. 1 మి.మీ. బిట్ ఆ సందులో గలగలలాడుతుంది. 10 మి.మీ. చక్‌లు కొన్ని 0.8 వరకు పట్టుకుంటాయి కాబట్టి, ఇంట్లో రెండు డ్రిల్లులుంటే ఈ పనికి చిన్నదే మేలు. అయితే పాత చక్ అయితే అంకె ఏం చెప్పినా నమ్మడానికి లేదు. దవడల కొసలు అరిగిపోయి ఉంటాయి, లేదా లోపల రంపపు పొట్టు గట్టిపడి దవడలను పూర్తిగా మూసుకోనివ్వదు. చక్‌ను నేలవైపు తిప్పి పట్టుకుని, పూర్తిగా తెరిచి మూస్తూ బ్రష్‌తో దులిపితే ఎంత పొట్టు రాలుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

దీనికన్నా దొంగ లోపం మరొకటుంది. మూడు దవడల మధ్య కూర్చోవాల్సిన సన్న బిట్ పక్కకు జారి రెండు దవడల నడుమ ఇరుక్కుంటుంది. బిగువుగానే ఉంటుంది, చేత్తో లాగినా రాదు. కానీ నడిమధ్యలో లేదు. తిప్పితే మొన బెజ్జం గుర్తు చుట్టూ సున్నా చుడుతుంది. దాన్ని అలాగే చెక్కలోకి నొక్కితే, మొన ఒకచోట నిలవాలి, కాడ గిరికీలు కొట్టాలి. మధ్యలో బిట్ ప్రతి చుట్టుకూ ఒకసారి వంగి లేవాలి. నిమిషానికి 1500 చుట్లంటే 1500 సార్లు. తీగను అటూ ఇటూ వంచి తుంచడానికీ దీనికీ తేడా లేదు.

పట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బిట్ వెనక తెల్ల కాగితం పెట్టి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ మొనను చూడాలి. గీతలా నిలకడగా కనిపిస్తే బాగున్నట్టు. మొన రెండుగానో, మసకగానో కనిపిస్తే ఊగుతున్నట్టు. పదో వంతు మిల్లీమీటరు ఊగు 10 మి.మీ. బిట్‌కు నూటికి ఒక వంతు, పట్టించుకోనక్కర్లేదు. అదే ఊగు 1 మి.మీ. బిట్‌కు పదో వంతు. ఊగుతుంటే చక్ వదులు చేసి, బిట్‌ను కాస్త తిప్పి మళ్లీ బిగించాలి. తాళంచెవి ఉన్న చక్ అయితే ఒక్క బెజ్జంలోనే బిగించి వదిలేయకుండా మూడింట్లోనూ తిప్పడం మంచి అలవాటు. అప్పటికీ ఊగుతుంటే బిట్టే వంగి ఉండవచ్చు. అద్దం ముక్క మీద దొర్లిస్తే అదీ తేలిపోతుంది.

చక్ సందు పెద్దదైతే జనం చేసే ఉపాయాలు చాలా ఉన్నాయి. బిట్ కాడకు టేపు చుట్టడం అన్నిటికన్నా నాసి. టేపు మెత్తన, ఒకవైపు మందం, ఒకవైపు పలచన. పైగా వేడికి జారుతుంది. సన్న రాగి తీగను కాడ చుట్టూ వరుసగా, చుట్టు పక్కన చుట్టు ఆనేలా చుట్టడం కొంత నయం. రాగి మెత్తన కాబట్టి దవడలు అందులోకి దిగి పట్టు దొరుకుతుంది. ఇంకా మేలైనది సన్న ఇత్తడి గొట్టం. బిట్ లావుకు సరిపోయే గొట్టం ముక్కను నిలువునా ఒక పక్క చీల్చి, అందులో బిట్ పెట్టి, మొత్తాన్ని చక్‌లో బిగిస్తే చీలిక మూసుకుని బిట్‌ను చుట్టూ సమంగా పట్టుకుంటుంది.

ఇవన్నీ అత్యవసరానికి. ఇలాంటి బెజ్జాలు తరచూ పెట్టేవాళ్లు కొనుక్కోవాల్సింది చిన్న చక్. పిన్ వైస్ అంటే వేళ్లతో తిప్పే, పెన్సిలంత లావుండే చిన్న చక్; వాటిలో కొన్నిటికి వెనక సన్న కాడ ఉంటుంది. ఆ కాడను పెద్ద డ్రిల్లు చక్‌లో బిగిస్తే, ముందున్న కాలెట్ సున్నా దగ్గర నుంచి 3 మి.మీ. దాకా బిట్లను పట్టుకుంటుంది. కాలెట్ అంటే చీలికలున్న చిన్న గొట్టం. చుట్టూ ఒకేసారి నొక్కుతుంది కాబట్టి బిట్ పక్కకు జారే అవకాశం తక్కువ. చక్‌లో చక్ పెడితే రెండు ఊగులు కలుస్తాయి కదా అనే సందేహం సరైనదే. కానీ పెద్ద చక్‌కు 3 మి.మీ. కాడను తిన్నగా పట్టుకోవడం తెలుసు, 1 మి.మీ. కాడను పట్టుకోవడం తెలియదు. ఆ తేడా చాలు. ఆరు పలకల కాడకు అతికించి అమ్మే సన్న బిట్లు చూడ్డానికి తేలికైన దారిలా ఉంటాయి. చాలావాటిలో బిట్‌ను కాడలో తిన్నగా అతికించరు, పైగా అయస్కాంతపు హోల్డర్‌లో పెడితే ఇంకా ఊగుతుంది. 2 మి.మీ. పైన పర్వాలేదు, ఒకటి దగ్గర వాటిని నమ్ముకోవద్దు.

తర్వాతది బయటికి ఎంత పొడుచుకు ఉందన్న సంగతి. ఇది దాదాపు ఎవరూ చూడరు, మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మామూలు పొడవు బిట్లలో 1 మి.మీ. బిట్ మొత్తం 34 మి.మీ.; అందులో మెలిక గాడి ఉన్నది 12, మిగతా 22 నున్నటి కాడ. కాడ కొసను 10 మి.మీ. మాత్రం చక్‌లో పెట్టి బిగిస్తే 24 మి.మీ. బయట వేలాడుతుంది. అదే కాడ మొత్తం లోపలికి తోస్తే బయట ఉండేది 12. సగం. నెత్తిన నొక్కినప్పుడు బిట్ విల్లులా వంగి విరగకుండా తట్టుకునే బలం పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి అది నాలుగు రెట్లు పెరుగుతుంది. పక్క నుంచి తగిలే తోపుకు వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కొత్త బిట్ కొనకుండా, డ్రిల్లు మార్చకుండా దొరికే లాభం ఇది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, దవడలు గాడి మీద కరుచుకోకూడదు. గాడి అంచు గట్టిదే కానీ పెళుసు. అక్కడ నొక్కితే బిట్ పని మొదలుకాకముందే పగులుతుంది.

విరిగిన బిట్‌ను పారేయకుండా ఉంచుకునే పాత పనివాళ్ల అలవాటు వెనకా ఈ లెక్కే ఉంది. గాడి కొంచెం మిగిలి ఉంటే, భూతద్దం కింద సన్న రాయి మీద మొన పెట్టుకుంటే అది పొట్టి బిట్ అవుతుంది. పలచటి చెక్కకు పొడవు బిట్ కన్నా అదే బాగా పనిచేస్తుంది. అయితే 1 మి.మీ. లోపు మొన రెండు వైపులా సమానంగా దిద్దడానికి ఓపికతో పాటు మంచి కళ్లూ కావాలి.

ఇప్పుడు వేగం. సన్న బిట్లకు ఎక్కువ వేగం కావాలని అందరూ చెబుతారు. ఎందుకో తక్కువమంది చెబుతారు. సాధారణంగా చెప్పే కారణం మొన అంచు వేగం: నిమిషానికి 1500 చుట్ల దగ్గర 10 మి.మీ. బిట్ అంచు నిమిషానికి 47 మీటర్లు కదిలితే, 1 మి.మీ. బిట్ అంచు 4.7 మీటర్లే కదులుతుంది. నిజమే, కానీ చెక్క ఇనుము కాదు. అంచు నెమ్మదిగా కదిలినా తెగుతుంది. అసలు కారణం చేయి. 12 మి.మీ. లోతు బెజ్జాన్ని రెండు సెకన్లలో నొక్కేశామనుకుందాం. పెద్ద బిట్లతో అలవాటైన చేతికి అది తొందరే కాదు. 1500 చుట్ల వేగంలో ఆ రెండు సెకన్లకు 50 చుట్లు. అంటే చుట్టుకు దాదాపు పావు మిల్లీమీటరు లోతు. 10 మి.మీ. బిట్‌కు అది పలచటి పొర, 1 మి.మీ. బిట్‌కు తన లావులో నాలుగో వంతు. అంత ముద్దను అది కోయలేదు, గాడి మోయలేదు. ఇరుక్కుంటుంది, వెనక మోటారు ఆగదు. పెద్ద బ్యాటరీ డ్రిల్లు పదుల న్యూటన్ మీటర్ల బలంతో తిప్పుతుంది, 1 మి.మీ. బిట్‌ను మెలిపెట్టి తుంచడానికి అందులో చిన్న ముక్క చాలు. క్లచ్‌ను (బలం మితి దాటితే తిప్పడం ఆపే భాగాన్ని) ఒకటో నంబరు మీద పెట్టుకున్నా అది కాపాడుతుందని ఆశపెట్టుకోకూడదు.

అదే బెజ్జాన్ని 20 సెకన్లు తీసుకుని పెడితే చుట్టుకు లోతు పదో వంతుకు తగ్గుతుంది. లేదా అదే తొందరతో 15,000 చుట్ల వేగంలో పెట్టినా అంతే తగ్గుతుంది. అంటే వేగం ఇచ్చేది చేతి తొందరకు క్షమాపణ. ఓపిక ఉంటే మామూలు డ్రిల్లు పై గేరు చాలు. ఓపిక లేకపోతే రోటరీ టూల్, అంటే చాలా వేగంగా తిరిగే చిన్న చేతి యంత్రం కావాలి. అదీ కింది వేగం దగ్గర, నిమిషానికి 5,000 నుంచి 10,000 చుట్ల మధ్య. పూర్తి వేగంలో పెడితే మరో చిక్కు. కాస్త వంగిన బిట్ గాలిలో ఖాళీగా తిరిగేటప్పుడే కొస పక్కకు విసురుకుని లంబంగా మడిచి విరిగిపోతుంది. ఎగిరే ఆ ముక్క కంటికి కనిపించదు, కంట్లో పడ్డాకే తెలుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోవాల్సింది పెద్ద బిట్లకే అనుకోవడం పొరపాటు.

ఇంకో విషయం, డ్రిల్లు బరువు. పిడి పట్టుకుని నిలువుగా నొక్కుతున్నామనుకుంటాం కానీ, స్విచ్ నొక్కే వేలు కదలికే పిడిని కొంచెం వెనక్కి లాగుతుంది. 6 మి.మీ. బిట్ ఆ లాగుడును తనే ఆపుతుంది, చేతికి తెలియను కూడా తెలియదు. 1 మి.మీ. బిట్ ఆపలేదు. అందుకే బిట్లు ఎక్కువగా విరిగేది మొదలుపెట్టేటప్పుడూ బయటికి తీసేటప్పుడూ. లోతులో ఉన్నప్పుడు బెజ్జం గోడలే బిట్‌ను తిన్నగా నిలబెడతాయి. వేలు తీసి, డ్రిల్లు ఆగేలోపు పైకి లాగబోయి పక్కకు వంచడం అన్నిటికన్నా మామూలు తప్పు. తిరుగుతుండగానే, వచ్చిన దారినే తీయాలి. రెండో చెయ్యి చక్ వెనక డ్రిల్లు ముక్కు మీద, మోచేతులు బల్ల మీద ఆనించి ఉంచితే సగం టెన్షన్ తగ్గుతుంది.

చెక్క వైపు నుంచి వచ్చే ఇబ్బంది నార. మెత్తటి కట్టెలో ఏడాది మొదట పెరిగిన పొర మెత్తగా, తర్వాతది గట్టిగా ఉంటాయి. గట్టి పొర అంచున పెట్టిన సన్న మొన మెత్తటి పొరలోకి జారిపోతుంది. పైన గుర్తు ఒకచోట, బెజ్జం ఒకచోట. అడ్డంగా కోసిన కొస ముఖంలో ఇది మరీ ఎక్కువ. నిలువు నారల మధ్య దారి వెతుక్కుంటూ బిట్ వాలుగా దిగుతుంది. సన్న బిట్లకు నడిమొన ఉన్న వడ్రంగం రకం దొరకడం కష్టం, కాబట్టి ఆ పని ముందే చేయాలి. ఆరెతోనో, గట్టి సూదితోనో గుర్తు మీద గుంట పొడవాలి. గుంట లోతుగా, నిలువుగా ఉండాలి. పై రంగును మాత్రం గీరితే లాభం లేదు. ఎంత చేసినా చెక్కలో 1 మి.మీ. బెజ్జం లోతున తిన్నగా వస్తుందని హామీ లేదు. చెక్క అవతలి వైపున సరిగ్గా గుర్తు చోటే తేలాల్సిన బెజ్జమైతే రెండు వైపుల నుంచీ సగం సగం పెట్టడమే మంచిది.

పొట్టు మరో శత్రువు. గాడి 12 మి.మీ. ఉన్న బిట్‌ను 12 మి.మీ. దాకా దించితే గాడి చెక్కలో మునిగిపోతుంది, పొట్టుకు బయటికి దారి ఉండదు. అది లోపలే అణిగి, బిట్‌ను బిరడాలా పట్టేస్తుంది. చెక్క వేడిని మోసుకుపోదు కాబట్టి అక్కడే కాలిన వాసన మొదలవుతుంది. జిగురున్న కట్టె అయితే జిగురు కరిగి పొట్టును ముద్ద చేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు దించి, పైకి తీసి, గాడిని పాత పళ్లబ్రష్‌తో దులిపి మళ్లీ దించాలి. గట్టి చేవ కట్టెలో ఒక్క మిల్లీమీటరుకే తీయాల్సి రావచ్చు. లోతు గుర్తుకు బిట్ మీద టేపు జెండా అతికించే అలవాటు ఇక్కడ పనికిరాదు. వేగంగా తిరిగేటప్పుడు ఆ జెండా వల్ల సన్న బిట్ ఊగవచ్చు.

డ్రిల్ ప్రెస్, అంటే స్టాండుకు బిగించి హ్యాండిల్‌తో నిలువుగా దించే డ్రిల్లు ఉంటే ఇవన్నీ తీరిపోతాయనుకుంటారు. బరువు, పక్క తోపు తీరుతాయి, నిజమే. కానీ దాని హ్యాండిల్ చేతి బలాన్ని ఎన్నో రెట్లు చేస్తుంది, లోపలి స్ప్రింగు గట్టిది. ఆ స్ప్రింగును దాటడానికి పెట్టే బలం ముందు 1 మి.మీ. బిట్ ఎదురు బలం లెక్కలోకే రాదు. బిట్ విరిగాకే చేతికి తెలుస్తుంది. హ్యాండిల్‌ను పిడికిలితో కాక రెండు వేళ్లతో, ఇరుసుకు దగ్గరగా పట్టుకోవడం ఒక మార్గం. పని చిన్నదైతే బిట్‌ను కదపకుండా ఉంచి చెక్కనే వేళ్లతో పైకి ఎత్తడం ఇంకా మంచిది. అప్పుడు బిట్ ఎంత ఎదురు తిరుగుతోందో వేళ్లకు తెలుస్తుంది.

అలా చూస్తే చేతి పనిముట్లకు ఇక్కడ నిజమైన ఆధిక్యం ఉంది, పాతకాలం మీద మోజు కాదు. చక్రం తిప్పే చేతి డ్రిల్లు, మెలిక కడ్డీ మీద పిడిని పైకీ కిందికీ జరిపే డ్రిల్లు, వేళ్ల మధ్య తిప్పే పిన్ వైస్ అన్నిటిలోనూ బిట్ ఇరుక్కోగానే చేయి ఆగుతుంది. మోటారుకు ఆ తెలివి లేదు. నాలుగైదు బెజ్జాల పనికి పిన్ వైస్ బయటికి తీయడం, డ్రిల్లు సర్దుకునే సమయంతో చూస్తే ఆలస్యమేమీ కాదు. నలభై బెజ్జాలైతే మాత్రం వేళ్లు నొప్పెడతాయి.

బిట్టే అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. చిన్న మేకు కొట్టేముందు పెట్టే బెజ్జమైతే, అదే రకం మేకు ఒకటి తీసుకుని తల కత్తిరించి చక్‌లో బిగిస్తే చాలు. అది కోయదు, నారను పక్కకు నెట్టుకుంటూ, కొంచెం కాలుస్తూ దిగుతుంది. బెజ్జం మేకుకు సరిగ్గా సరిపోతుంది, మెత్తటి ఉక్కు కాబట్టి వంగుతుందే కానీ విరగదు. మెత్తటి చెక్కలో ఇది చాలాసార్లు బాగానే పనిచేస్తుంది. గట్టి చెక్కలో, అంచుకు దగ్గరలో మాత్రం చీలిక భయం ఉంటుంది.

కొనేటప్పుడు కార్బైడ్ (ఉక్కు కన్నా గట్టి పదార్థం) అనే మాటకు లొంగిపోనక్కర్లేదు. సర్క్యూట్ బోర్డులకు వాడే కార్బైడ్ సన్న బిట్లు చవగ్గా దొరుకుతాయి. వాటి కాడ చాలావాటికి 3.175 మి.మీ. లావు కాబట్టి చక్ చిక్కు కూడా ఉండదు. కానీ కార్బైడ్ వంగదు. చేతి డ్రిల్లులో తగిలే తొలి పక్క తోపుకే గాజులా పగులుతుంది. గట్టి స్టాండులో అద్భుతం, చేతిలో దండగ. చేత్తో చేసే పనికి మామూలు బిట్ల ఉక్కు, అంటే హైస్పీడ్ స్టీల్ చాలు. అది కాస్త వంగి, హెచ్చరించి, తర్వాత విరుగుతుంది.

విరిగిన ముక్క చెక్కలోంచి పైకి కనిపిస్తుంటే సన్న శ్రావణంతో పట్టుకుని, బిట్ కోసిన దిక్కుకు వ్యతిరేకంగా మరను విప్పినట్టు తిప్పుతూ లాగాలి. నేరుగా లాగితే గాడిలోని పొట్టు దాన్ని వదలదు. లోపల మునిగిపోతే, కొసకు పళ్లు కోసిన సన్న ఇత్తడి గొట్టాన్ని దాని చుట్టూ తిప్పి, చెక్క బిళ్లతో సహా బయటికి తీసి, ఆ కన్నంలో అదే కట్టె పుల్లను జిగురుతో దిగ్గొట్టవచ్చు. బందు కింద దాక్కునే చోటైతే అంత శ్రమ అనవసరం, రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కొత్త బెజ్జం పెట్టుకోవచ్చు. కానీ చిత్రిక పట్టాల్సిన ముఖమైతే ముక్కను లోపల వదిలేయకూడదు. గట్టి ఉక్కు ముక్క ఒక్కటి చాలు, చిత్రిక బ్లేడు అంచులో గాటు పడటానికి.